పట్టు విడువని పటకారు

కొళాయి పనివాని సంచిలో పొడవైన పిడులును, ఒక ప్రక్కకు వంగిన మూతియు గల పటకారు ఒకటి యుండును. దాని దవడలను కావలసినంత జరిపి, సన్నని గొట్టమునైనను లావైన గొట్టమునైనను పట్టుకొనవచ్చును. మన అంగళ్లలో దీనిని వాటరు పంపు ప్లయరు అందురు. ఈ పేరు మన బావి పంపులను బట్టి వచ్చినది కాదు. తొలినాటి మోటారుకార్లలో ఇంజనును చల్లబరచు నీటిపంపునకు గల నట్లను బిగించుటకు వాడుటచే దానికా పేరు కలిగినది.

ఏండ్ల తరబడి నీరు తగిలి తుప్పుపట్టిన బిగింపును విప్పునపుడు పనివాడు తన బలమంతయు పిడిమీద మోపును. ఆ క్షణమున పటకారు జారెనా, చేయి విసురుగా పోయి గోడకు కొట్టుకొనును. వ్రేళ్ల కణుపులు చిట్లును. నిచ్చెనపై నిలిచినవాడైనచో క్రింద పడినను పడవచ్చును. దినకూలిపై బ్రదుకువానికి చేతి గాయమనగా కొన్ని దినముల తిండి. అంగడిలోనో, రెండు పటకారులు ప్రక్కప్రక్కన వ్రేలాడుచుండును. రెంటికిని ఒకే మెరుగు, ఒకే యెఱ్ఱని తొడుగు; వెలలో మాత్రము ఎంతో భేదము. ఏది పట్టు నిలుపునో, ఏది విడుచునో పైచూపునకు తెలియదు. తెలిసికొను మార్గములు లేకపోలేదు గాని, అందులకు మొదట ఆ పనిముట్టు ఎట్లు పనిచేయునో గ్రహింపవలెను.

కమ్మరి కొలిమివద్ద నుండు పటకారును చూడుడు. రెండు చేతులు, నడుమ ఒక చీల. దాని దవడలు ఏదో యొక్క మందము గల వస్తువును పట్టినపుడే ఒకదానికొకటి సమాంతరముగా నుండును. అంతకంటె లావైన దానిని పట్టినచో అవి కత్తెరవలె తెరచుకొనును. వస్తువు ముందునకు జారును. పిడులు కూడ దూరమై పిడికిటికి అందవు. చీల యుండు చోటునే మార్చగలిగినచో ఈ చిక్కు తీరును. అప్పుడు సన్నని వస్తువైనను లావైనదైనను దవడలు ఇంచుమించు సమాంతరముగనే యుండును. పిడులును చేతికి అందుబాటులోనే యుండును. జరుగు పటకారులోని కీలకమంతయు ఇదియే.

కాని చీలను జరుపు ఏర్పాటు చేసినంతనే క్రొత్త కష్టమొకటి పుట్టినది. తొలిరకపు పటకారులలో చీల ఒక రంధ్రమునుండి వేరొక రంధ్రమునకు జరుగుచుండెను. బలము హెచ్చినపుడు అది తనంతట తానే పాత చోటునకు దూకెడిది. ఎందుకో తెలియుటకు చిన్న లెక్క వేసి చూతము. పటకారు అనగా రెండు తులాదండములు. చేయి పట్టిన చోటు చీలకు 210 మిల్లీమీటర్ల దూరమునను, గొట్టము 30 మిల్లీమీటర్ల దూరమునను ఉన్నవనుకొనుడు. అప్పుడు బలము ఏడింతలగును. మనము 20 కిలోల బలముతో నొక్కినచో దవడ గొట్టమును 140 కిలోల బలముతో నొక్కును. మరి చీలమీద పడునదెంత? ఈ రెండును కలిసి, 160 కిలోలు! పిడికంటెను దవడకంటెను ఎక్కువ భారము మోయునది ఆ చిన్న కీలే. మంచి పటకారునకును చెడ్డ పటకారునకును గల వ్యత్యాసము ముఖ్యముగా అచటనే యున్నది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జార్జి డిఆర్మెంటు అను కమ్మరి, గుఱ్ఱములకు లాడములు కొట్టువారికి కావలసిన పనిముట్లను చేయుచు 1886లో ఒక వ్యాపారమును ప్రారంభించెను. కాలక్రమమున అది మీడ్‌విల్ పట్టణమున పెద్ద కార్ఖానా అయ్యెను. అచటి ముఖ్య ఇంజనీరైన హొవార్డు మానింగు 1933లో పై చిక్కునకు ఒక ఉపాయము కనిపెట్టెను. ఒక చేతిమీద విల్లువలె వంగిన గట్టును, రెండవదానిమీద ఆ గట్టునకు సరిపోవు గాడులను వరుసగా కల్పించెను. దవడను జరిపినపుడు గట్టు ఒక గాడిలో కూర్చుండును. అంతట భారము సన్నని చీలమీదనే పడక గట్టు పొడవునను వ్యాపించును. 1934లో దీనికి పేటెంటు లభించెను. గాడిలో బంధింపబడినది అను భావము వచ్చునట్లు దీనికి చానెల్‌లాక్ అని పేరిడిరి. పనిముట్టు పేరు ఎంతగా వ్యాపించెననగా, 1963లో ఆ కంపెనీ తన పాతపేరు విడిచి దానినే తన పేరుగా పెట్టుకొనెను.

వేరొక రకమున బొత్తాము ఉండును. దానిని నొక్కి దవడను జరిపి విడిచినచో, లోపలి చీల పండ్లచక్కీవంటి వరుసలో చిక్కుకొని నిలుచును. జర్మనీలోని వుప్పర్టాల్ నగరమునకు చెందిన క్నిపెక్స్ సంస్థవారి కోబ్రా పటకారు ఇట్టిదే. 250 మిల్లీమీటర్ల పొడవు గల కోబ్రాను 25 స్థానములలో నిలుపవచ్చును. పని తొందరగా సాగును, కొలత చక్కగా కుదురును. అయినను ఇసుక, బురద నడుమ పనిచేయువానికి గాడి పటకారే మేలని తోచుచున్నది. దానిలో చిన్న స్ప్రింగులు లేవు; నీటితో కడిగి దులిపినచో చాలును.

ఇక దవడల సంగతి. గుండ్రని గొట్టమును పట్టుటకు రెండు దవడలందును పండ్లుండును. పై దవడ పండ్లు ఒక దిక్కునకును, క్రింది దవడ పండ్లు దానికి ఎదురు దిక్కునకును వంగియుండుట మంచి పటకారు లక్షణము. అట్లుండినచో మనము త్రిప్పిన కొలది పండ్లు గొట్టములోనికి దిగబడి పట్టు ఇంకను బిగియును. ఈ తత్త్వమును ముందుగా నిరూపించినది పైపు రెంచి. దానిని డేనియల్ స్టిల్సను అను అమెరికా పనివాడు 1869లో పేటెంటు చేసెను. తాను పనిచేయుచున్న వాల్‌వర్త్ కంపెనీ యజమానికి ఆ సాధనమును చూపినపుడు, ‘దీనితో గొట్టమును మెలిపెట్టుము; గొట్టమైనను తెగవలెను, ఇదియైనను విరుగవలెను’ అని యజమాని యనెనట. గొట్టమే తెగినదని చెప్పుదురు. మన పటకారుతో పనిచేయునపుడును ఈ తత్త్వమును మరువరాదు. త్రిప్పుచున్నపుడు దవడలు బిగియుచున్నవా, సడలుచున్నవా యని చేతికే తెలియును. సడలుచున్నచో పటకారును తిరుగవేసి రెండవ ప్రక్కనుండి పట్టవలెను. చాలమంది పటకారును నిందించుదురు గాని, తప్పు పట్టిన దిక్కులో నుండును.

పండ్లు గొట్టపు ఉక్కుకంటె కఠినముగా నుండవలెను. లేనిచో గొట్టమునకు బదులు పండ్లే అరుగును. కాని పటకారు అంతయు అట్లే కఠినముగా నున్నచో గాజువలె పెళుసై విరుగును. అందుచేత మంచి తయారీదారులు ఎఱ్ఱగా కాల్చిన ఉక్కును అచ్చులో సమ్మెటతో సాగగొట్టి రూపమిత్తురు. పిదప నూనెలో ముంచి పదను పెట్టి, మరల కొంచెము కాచి పెళుసుదనమును తగ్గింతురు. పండ్లను మాత్రము ప్రత్యేకముగా కఠినపరతురు. ఇట్లు సాగగొట్టిన ఉక్కులో రేణువుల వరుస వస్తువు వంపును అనుసరించి పోవును. పోత పోసిన దానిలో అట్టి వరుస లేదు. లోపల గాలిబుడగలు నిలిచియుండుటయు కలదు. పిడిమీద ‘క్రోమ్ వెనేడియం’ అని చెక్కియున్నంత మాత్రమున మోసపోకుడు. ఎంత మేలైన ఉక్కైనను సరిగా పదను పెట్టకున్న ప్రయోజనము లేదు. పదను అక్షరములలో కనబడదు.

అట్లయిన అంగడిలో ఏమి చూడవలెను? మొదట దవడలను పూర్తిగా మూసి వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. దవడల కొనలు ఒకదానినొకటి చక్కగా కలియవలెను. ఒక కొన ప్రక్కకు తొలగియున్నచో దానిని అచటనే విడువుడు. పిడులను రెండు చేతుల పట్టి ప్రక్కలకు కదపుడు. కీలులో సన్నని కదలిక సహజము, లొటలొటలాడుట దోషము. తరువాత ప్రతి గాడిలోను దవడను నిలిపి, ఒక దిమ్మనో గొట్టపు ముక్కనో పట్టించి గట్టిగా నొక్కుడు. ఏ ఒక్క గాడిలో జారినను అది కొనదగినది కాదు. అంగడివాడు అంగీకరించినచో పండ్ల అంచుమీద ఆకురాయిని మెల్లగా రాచి చూడుడు. ఆకురాయి పైపైన జారిపోయినచో పండ్లకు పదనున్నది. సులభముగా రజను రాలినచో లేదు. పిడులను పూర్తిగా మూసినపుడు వాని నడుమ వ్రేలు పట్టునంత యెడము మిగులుటయు ముఖ్యము. పటకారు జారినపుడు అరచేయి నలుగక కాపాడునది ఆ యెడమే. మనదేశమున ఇట్టి పనిముట్లకు నిర్ణయింపబడిన ప్రమాణములు కలవు. వానిని ప్రకటించు భారతీయ ప్రమాణముల సంస్థ 1947లో ఏర్పడి, 1987లో బ్యూరోగా మారినది. దాని ముద్ర ఉన్నదేమో చూచుట మంచిది. ముద్ర యున్నను పై పరీక్షలు మానరాదు.

పరిమాణమున పలువురు పొరబడు విషయమొకటి కలదు. అరంగుళపు ఇనుప గొట్టము వెలుపలి కొలత అరంగుళము కాదు. అది సుమారు 21 మిల్లీమీటర్లు. అంగుళపు గొట్టము 34 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ, రెండంగుళాలది 60. పటకారు పట్టునది వెలుపలి కొలతనే కావున, దవడ ఎంత తెరచుకొనునో దానితో సరిచూడవలెను. ఇంటి పనులకు 250 మిల్లీమీటర్ల పటకారు చాలును. పెద్ద గొట్టములకు అంతకంటె పొడవైనది తీసికొనవలెనే గాని, చిన్నదాని పిడికి ఇనుప గొట్టము తొడిగి పొడవు పెంచరాదు. పైన వేసిన లెక్కను గుర్తు తెచ్చుకొనుడు: పిడి రెట్టింపైన కీలుపై భారమును ఇంచుమించు రెట్టింపగును.

ఆరు మూలల నట్టును ఈ పటకారుతో విప్పుట మోటుపని. పండ్లు మూలలను కొరికివేయును. పిదప సరియైన స్పానరు దొరికినను పట్టదు. తెలంగాణమున పానా అని పిలుచు ఆ స్పానరే నట్టునకు తగినది. మెరుగు పూసిన కొళాయిలను పట్టవలసి వచ్చినచో నడుమ మందమైన గుడ్డ వేయవలెను. ప్లాస్టిక్ గొట్టములకు అంత బలమే అక్కరలేదు, అవి చిట్లును. పిడులకున్న రబ్బరు తొడుగు చేయి జారకుండుటకే గాని విద్యుత్తును ఆపుటకు కాదు. 1000 వోల్టుల గుర్తు గల ప్రత్యేకపు తొడుగు లేనిచో దానితో కరెంటు తీగను ముట్టరాదు.

పని ముగిసిన తరువాత తడి తుడిచి, గాడులలో ఒక్క చుక్క నూనె వేసి, దవడలను ఈ చివరనుండి ఆ చివరకు రెండు మూడు మారులు జరిపినచో కీలు బిగిసిపోదు. పండ్ల సందులలో మట్టి, రంగు, బిగింపులకు చుట్టు నార నిండినచో ఎంత మంచి ఉక్కైనను గొట్టమును తాకనే తాకదు. తీగల కుంచెతో వానిని గీకివేసినచో పటకారు మరల క్రొత్తదానివలె కరచును.