తొలి దీవెన చేపలకే!

బైబిల్లో దేవుడు మొట్టమొదట దీవించింది ఎవరిని? సండే స్కూల్లో అడిగి చూడండి, సగం మంది ‘ఆదాము’ అంటారు. కాదు. ఆదికాండము మొదటి అధ్యాయంలో ఐదో రోజునే చేపలూ పక్షులూ ఆ దీవెన అందుకున్నాయి. మనిషి వంతు మర్నాడు వచ్చింది.

చేపల సంతతి పెరగాలన్న ఆ దీవెనకు మన దగ్గర సర్కారు ఉత్తర్వు కూడా తోడైంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. వేసవి సెలవులూ, చర్చిల్లో వీబీఎస్‌లూ (వెకేషన్ బైబిల్ స్కూళ్లు) అప్పుడే. చార్టు మీద రంగుకాగితం చేపలు అతికించే టీచర్లు ఒక పూట పిల్లల్ని విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు తీసుకెళ్లొచ్చు. బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకునేవాళ్లు, బోట్లకు రంగులేసేవాళ్లు కనిపిస్తారు. సముద్రానికి సెలవెందుకో వాళ్ల నోట వింటే పిల్లలకు గుర్తుండిపోతుంది. ఆ రెండు నెలలూ వేట మీద బతికే ఇళ్లు ఎలా గడుస్తాయో కూడా తెలుస్తుంది. అది కూడా పాఠమే.

నోవహు ఓడలోకి చేపలు ఎక్కలేదు. పొడి నేల మీద ఊపిరి పీల్చేవి మాత్రమే జలప్రళయంలో చనిపోయాయని ఆదికాండము 7లో ఉంది. ఓడ బొమ్మ వేసే పిల్లలకు ఇది మంచి పొడుపు కథ.

యోనా కథకు అందరూ తిమింగలం బొమ్మే వేస్తారు. గ్రంథంలో ఉన్నది మాత్రం పెద్ద చేప. తిమింగలం చేప కాదు, పిల్లకు పాలిచ్చే జీవి. చేపలన్నిటిలోకీ పెద్దది వేల్ షార్క్. అది మన తీరానికీ వస్తుంది. 2021 డిసెంబరులో విశాఖకు దగ్గర్లోని తంతడి తీరంలో వలలో చిక్కినదాన్ని మత్స్యకారులూ అటవీ శాఖవాళ్లూ కలిసి మళ్లీ సముద్రంలోకి పంపారు. అయితే యోనాను మింగింది అదేనా అని పిల్లలు అడగకుండా ఉండరు. అంత ఒళ్లున్నా దాని గొంతు సన్నం. నీటిని వడకట్టి ప్లవకాలనూ చిన్న చేపలనూ తింటుంది. ‘మరి ఏ చేప?’ అంటే గ్రంథంలో పేరు లేదని చెప్పేయడమే నిజాయితీ.

యోహాను సువార్త చివర్లో శిష్యుల వలలో పడ్డ చేపలు 153. లెక్కల మాస్టారికి ఈ అంకె అప్పజెప్పండి. 1 నుంచి 17 దాకా కూడితే 153. అందులోని అంకెలు 1, 5, 3 ఒక్కొక్కదాన్నీ ఘనం చేసి కూడినా (1+125+27) మళ్లీ 153. వల మాత్రం చిరగలేదట. జాలరి కళ్లకు అసలు అద్భుతం అదే అనిపించాలి!

పేతురు జాలరే గానీ రొయ్యల వేపుడు రుచి చూసి ఉండడు. రెక్కలూ పొలుసులూ లేని జలచరాలను తినకూడదని లెవీయకాండము 11 చెబుతుంది. అంటే రొయ్యా లేదు, పీతా లేదు. సముద్రోత్పత్తుల ఎగుమతిలో దేశంలో ముందు వరసలో ఉన్న విశాఖ రేవుకు పాపం ఆ రోజుల్లో బేరం ఉండేది కాదు.

ఈ కథలకూ విశాఖకూ ఇంకో లంకె ఉంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో విశాఖలో దిగారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. ఇద్దరూ 1810 నాటికే కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. వలలూ పడవలూ నిండిన ఆ కథలకు సముద్రం ఒడ్డునే తెలుగు మాటలు వెతికారన్నమాట.

రేవు ముఖద్వారం దగ్గర రాస్ హిల్ మీద మేరీ మాత చర్చి ఉంది. 104వ కీర్తన చదివించడానికి అంతకన్నా మంచి చోటు నాకు తోచదు. ఓడలూ, సముద్రంలో ఆడుకోవడానికే దేవుడు చేసిన మకరాలూ ఆ కీర్తనలో ఒకేచోట కనిపిస్తాయి. ఆడుకోవడానికి! పరీక్షల పిల్లలకు ఈ ఒక్క మాటా తప్పక చెప్పాలి.

సముద్రపు జీవుల్ని పిల్లలకు కళ్లారా చూపించొచ్చు కూడా. చలికాలం చివర రాత్రివేళ ఆలివ్ రిడ్లే తాబేళ్లు విశాఖ ఇసుక తీరాలకు వస్తాయి. తల్లి వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. కుక్కల బారిన పడకుండా గుడ్లను అటవీ శాఖ హేచరీల్లో కాపాడి, పిల్లలను సముద్రంలో వదులుతారు. దగ్గరగా చూడండి: పిల్ల మీ బొటనవేలి కన్నా కొంచెం పెద్దది, నల్లగా ఉంటుంది. ముందు రెక్కలతో ఇసుకను తోసుకుంటూ నాలుగడుగులు వేస్తుంది. అల వచ్చి వెనక్కి విసిరేస్తుంది. వెల్లకిలా పడ్డా తిప్పుకుని మళ్లీ బయల్దేరుతుంది. వెలుతురు ఎటుంటే అటు నడవడం దాని నైజం. బీచ్ రోడ్డు దీపాలు దాన్ని దారి తప్పించేది అందుకే.

తాబేళ్లను వదిలే చోట పిల్లల చేత ఫోన్ల ఫ్లాష్ ఆపించండి, ముట్టుకోనివ్వకండి. పోటు తగ్గినప్పుడు రుషికొండ, మంగమారిపేట రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటల్లో సముద్ర పుష్పాలూ బార్నకిళ్లూ పీతలూ కనిపిస్తాయి. ఏ రాయినైనా ఎత్తితే ఉన్నచోటనే మెల్లగా పెట్టించండి. బయల్దేరే ముందు ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూసుకోవడం మరవద్దు.