మహానంది అయినాంక మాట్లాడదాం

కార్తీకమాసం వస్తే అందరికీ దీపాలు గుర్తొస్తాయి. మా ఊళ్లో కొందరికి పండ్లు గుర్తొస్తాయి. తినే పండ్లు కాదు, ఎద్దు నోట్లో పండ్లు. కడప నుంచి సెలవుకు ఊరికి పోయినప్పుడల్లా మా మేనమామ నన్ను ఇంట్లోకి కూడా రానీయకుండా గాటిపాట దగ్గరికే తీసుకుపోతాడు. మైలెద్దు కింది పెదవి వేలితో దించి, "చూడప్పా, నిండినాయా లేదా?" అంటాడు. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. నాకు తెలిసిన లెక్కలన్నింటికంటే ఆ ఎనిమిది పండ్ల లెక్క మీదే మా ఊరి ఆశంతా ఉంది.

బండలాగుడు చూడనివాళ్లకు నాలుగు మాటల్లో చెప్తాను. టన్నుల్లో బరువుండే రాతిబండకు గొలుసు వేసి, జత ఎద్దులతో లాగిస్తారు. చాలాచోట్ల 20 నిమిషాలు టైము. అడుగులు కొలిచి గుర్తులు పెట్టిన బాటలో అటు చివరి నుంచి ఇటు చివరికి ఎన్ని రౌండ్లు లాగితే అంత. ఆఖర్న టేపు పట్టి అడుగులు, అంగుళాలతో సహా కొలుస్తారు. ఎవరు ముందు, ఎవరు వెనక అనేది చీటీ తీస్తారు. విభాగాలు వయసును బట్టి, వయసు పండ్లను బట్టి. పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు, ఆరు, ఆపైన న్యూ కేటగిరీ, జూనియర్లు, సీనియర్లు. దూడకు రెండు, రెండున్నరేళ్లకు మొదటి జత పండ్లు వస్తాయి. నాలుగున్నర, అయిదేళ్లకు ఎనిమిదీ నిండుతాయి. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు లేని ఆట ఇది. నోరు తెరిస్తే చాలు.

పోయిన సీజను మా మామ ఎద్దులు ఆరు పండ్లవి. ఈసారి ఎనిమిదీ నిండుతున్నాయి. అంటే పెద్దెద్దుల్లోకి పోవాల్సిందే. పదో తరగతిలో స్కూల్ ఫస్టు వచ్చిన పిల్లోడు ఇంటర్లో ఏమవుతాడోనన్న భయం ఉంటుందే, అచ్చం అదే మాది.

పైవాళ్లు, కిందివాళ్లు

మాది మైదుకూరు పక్క పల్లె. మా పోటీ ఎవరితోనంటే మొదట కర్నూలోళ్లతో. నంద్యాల 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది గానీ, మాకు ఇప్పటికీ ఆ పక్కోళ్లందరూ కర్నూలోళ్లే. ఈ పోటీ ఎద్దులతో పుట్టింది కాదు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా వచ్చే కె.సి. కెనాల్ పేరులోనే ఉంది రెండు ఊర్ల జగడం. ఒకప్పుడు ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించిన కాలువ, పడవలు కూడా నడిచేవట. నీళ్లు ముందు వాళ్లకు, మిగిలితే మాకు. చివరి ఆయకట్టులో పుట్టినోడికి పైవాడి మీద ఎప్పుడూ కొంచెం కోపం ఉంటుంది. ఆ కోపం తీర్చుకునేది తిరునాళ్లలో బండ దగ్గర.

నంద్యాల వాళ్లు ఎప్పుడూ ఒక మాట అంటారు. "నవనందులూ మా చుట్టే, మహానంది మాది, యాగంటి బసవన్న మావాడు. ఎద్దు సంగతి మాకు చెప్తారా?" అని. మా మామ దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది. "బ్రహ్మంగారు బనగానపల్లెలో మీ పసులు కాసినాడు, నిజమే. జీవసమాధికి మాత్రం మా కందిమల్లాయపల్లెకే వచ్చె గదా! పనికి మీరు, మనసుకు మేము." ఇద్దరూ నవ్వుతారు, టీ తాగుతారు. సాయంత్రం మళ్లీ బండ దగ్గర ముఖాలు చూసుకోరు.

మేమిద్దరం ఒకటయ్యేది ఒక్కరి ముందే. కోస్తా వాళ్లు లారీల్లో ఎద్దుల్ని దింపినప్పుడు. వాళ్ల ఎద్దుల వెనక ఫ్యాన్లు, దోమతెరలు, మేతకు వేరే మనుషులు ఉంటారు. మా మామకు నాలుగెకరాలు, ఒక బోరు. ఉలవలు ఇంట్లోవే, జొన్నచొప్ప ఇంటిదే, బుడ్డకట్టె పక్కింటోళ్లది. కోడిగుడ్లు మాత్రం మా అత్త పోరు పెడుతూనే కొనిస్తుంది. "మనవళ్లకు కూడా ఇంతగా పెట్టలేదు" అంటుంది. ఎండాకాలం కాలువలో నీళ్లుంటే ఈత కొట్టిస్తారు. లేకుంటే వంక ఇసుకలో గుంటక లాగిస్తారు. అంతకు మించి శిక్షణ లేదు.

మూడడుగులు

పోయిన సీజను ఒక తిరునాళ్ల. ఊరి పేరు ఎందుకులే. ఆరు పండ్ల విభాగం. మాకంటే ముందు కర్నూలు జత లాగి పోయింది. మా చీటీ ఆఖరిది. మామ చిన్నకొడుకు, కడపలో డిగ్రీ చదువుతాడు, పగ్గాలు వాడి చేతిలో. పదిహేను నిమిషాల దాకా మేమే ముందున్నాం. మైకులో చెప్పేవాడి గొంతు అప్పటికే పోయింది. పద్దెనిమిదో నిమిషంలో తెల్లెద్దు ఆగింది. మోకాలు వంచలేదు, పడలేదు, ఊరికే ఆగింది.

పక్కనున్నోడు ఒకడు ముల్లుకర్ర మావాడి చేతికి అందించినాడు. మావాడు చేయి చాపినాడు కూడా. మామ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "కర్ర పారెయ్‌రా!"

పారేసినాడు. ఎద్దు ఊపిరి తీసుకునే దాకా అర నిమిషం పోయింది. మళ్లీ కదిలింది. ఈల పడేసరికి కర్నూలు జతకంటే మూడడుగులు తక్కువ. టేపు పట్టుకున్నాయన రెండుసార్లు కొలిచినాడు. మూడే.

ఇంటికొచ్చే దారంతా ట్రాక్టరులో ఎవరూ మాట్లాడలేదు. ఊరు దగ్గరకొచ్చినాక మావాడు, "ఒక్క పోటు, నాయనా. ఒక్కటి. అందరూ పొడిచేదే గదా" అన్నాడు. మామ, "అందరి ఎద్దులూ మనవి కాదు" అన్నాడు. అంతే. ఆ తర్వాత రెండు నెలలు ఇద్దరికీ మాటల్లేవు. మేత మాత్రం ఇద్దరూ కలిసే వేసేవాళ్లు.

ఇక్కడ నా మాట కూడా చెప్పాలి. ఈ ఆట మీద ప్రేమ ఉన్నోళ్లు దీనిలోని హింసను దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. ముల్లుకర్రలు, తోక కొరకడాలు నేను కళ్లారా చూసినవే. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను తప్పుపట్టినప్పుడు మా ఊళ్లో అందరూ కోర్టును తిట్టినారు. ఆ తర్వాత తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక తమ చట్టాలు సవరించుకున్నాయి. అవి చెల్లుతాయని 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అప్పుడు అందరూ కోర్టును పొగిడినారు. మామ మాత్రం రెండుసార్లూ ఒకటే అన్నాడు. "కోర్టు చెప్పేది కర్ర గురించి. ఎద్దు గురించి చెప్పాల్సింది మనం."

ఆస్టిన్ నుంచి ఫోను

మామ పెద్దకొడుకు, నా బామ్మర్ది, అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఊరు ఆస్టిన్. ఆగస్టు వస్తే వాడికీ పిచ్చి పడుతుంది. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ సీజను ఆగస్టు ఆఖర్లో మొదలవుతుంది. మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో పెట్టుకుని గుద్దుకుంటూ పోయే ఆట. కాలేజీ పిల్లోళ్ల ఆటకు లక్షమంది కూర్చునే స్టేడియం ఉందంటే మేము మొదట నమ్మలేదు.

వాళ్లకూ ఒక కర్నూలు ఉంది. దాని పేరు టెక్సాస్ ఏ అండ్ ఎం. వీళ్లిద్దరి పోటీ 1894 నుంచి ఉందట. 2011 తర్వాత ఏ అండ్ ఎం వేరే లీగులోకి పోవడంతో మ్యాచ్ ఆగిపోయింది. పదమూడేళ్లకు, 2024 నవంబరు 30న మళ్లీ ఆడినారు. అదీ ఏ అండ్ ఎం గడ్డ మీద. టెక్సాస్ 17–7తో గెలిచింది. మాకు మర్నాడు పొద్దున ఫోను చేసి, "గెలిచినాం బావా!" అని అరిచినాడు. మైదుకూరు పిల్లోడు ఆస్టిన్ గెలిస్తే ఏడుస్తున్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మూడడుగులకు నేనేం చేసినానో నాకు తెలుసు.

మామకు ఆ ఆట అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం పట్టుకున్నాడు. టెక్సాస్ జట్టు పక్కన ఒక ఎద్దు నిలబడి ఉంటుంది. బారెడు బారెడు కొమ్ములు. పేరు బీవో. 1916 నుంచీ ఆ పేరుతో ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి. ఇప్పుడున్నది పదిహేనోది.

"అది ఏం లాగుతుందిరా?" అడిగినాడు మామ వీడియో కాల్లో.

"ఏమీ లాగదు నాయనా. ఊరికే నిలబడుతుంది."

"ఊరికేనా! పండ్లెన్ని?"

బామ్మర్దికి జవాబు తెలియలేదు. దానికి బదులు మొదటి బీవో కథ చెప్పినాడు. 1915లో ఏ అండ్ ఎం వాళ్లు 13–0తో గెలిచినారు. ఆ గెలుపు మర్చిపోకుండా ఉండాలని 1917లో ఒక రాత్రి ఆ కాలేజీ పిల్లోళ్లు దొంగతనంగా వచ్చి, ఎద్దు ఒంటి మీద కాల్చిన ఇనుముతో "13–0" అని వాత పెట్టినారట. ఆఖరికి 1920లో సొంతవాళ్లే దాన్ని కోసి విందు చేసుకున్నారు. విందుకు ఏ అండ్ ఎం వాళ్లను కూడా పిలిచినారు.

మామ చాలాసేపు మాట్లాడలేదు. "మనుషులు ఆట ఆడితే వాత ఎద్దుకా?" అన్నాడు. అప్పుడు చిన్నోడు గాటిపాటలో పేడ ఎత్తుతున్నాడు. తలెత్తి చూసినాడు. చూసి మళ్లీ పనిలో పడినాడు. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోవడం ఆ వారంలోనే మొదలైంది.

బేరం

అయితే అసలు సంగతి ఇది కాదు. దసరా పోయిన వారానికి కోస్తా నుంచి ఒకాయన కారులో వచ్చినాడు. ఎద్దుల్ని నడిపించి చూసినాడు, గిట్టలు చూసినాడు, మూపురం పట్టి చూసినాడు, పండ్లు చూసినాడు. జతకు పద్దెనిమిది లక్షలు అన్నాడు. పాలపండ్లప్పుడు ఒంగోలు పక్క నుంచి తెచ్చినప్పుడు అందులో పదో వంతు కూడా పెట్టలేదు.

పద్దెనిమిది లక్షలంటే మా మామకు డబ్బు మాత్రమే కాదు. పెద్దోడి చదువు మీద బ్యాంకు లోను ముప్పై లక్షలు ఉంది. వడ్డీ నడుస్తోంది. అక్కడ ఉద్యోగాలు మునుపట్లా లేవు. మా అత్త బేరగాడికి రెండోసారి కాఫీ ఇచ్చింది. అదే ఆమె మాట.

ఊళ్లో మాత్రం కలకలం. ఈ జత పోతే చుట్టుపక్కల అయిదారు ఊర్లలో సీనియర్లలో దించే జత లేదు. ఉన్నవన్నీ ట్రాక్టర్లే. "మన ఎద్దుల్ని మన మీదకే తోలుకొస్తారు" అని రచ్చబండ దగ్గర ఒకటే మాట. నాకూ కడుపులో అదే. కానీ లోను కట్టేది నేను కాదు గదా. చప్పట్లు కొట్టేవాడికి అప్పు ఉండదు. అభిమానికి ఉన్న సుఖం అది, సిగ్గు కూడా అదే.

ఆస్టిన్‌కు ఫోను చేసి చెప్పినాను. బామ్మర్ది అన్నదేమంటే, "ఇక్కడ కూడా ఇదే బావా. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు. ఎక్కువ ఇచ్చే కాలేజీకి మారిపోతున్నారు. పోయినేడు మనవాడు అని అరిచినోడు ఈ ఏడు ఎదురు జట్టులో ఉంటాడు. తిట్టుకుంటాం. కానీ ఆ పిల్లోడి ఇంట్లో అప్పు ఎంతుందో మాకేం తెలుసు?"

కాసేపాగి, "నాయనకు చెప్పు, నా లోను కోసం అమ్మొద్దని" అన్నాడు. మళ్లీ కాసేపాగి, "లేదులే, ఏమీ చెప్పొద్దు. నేను చెప్తే ఆయన కచ్చితంగా అమ్ముతాడు" అన్నాడు.

వాడు తండ్రిని బాగా ఎరిగినవాడు. నేను చెప్పలేదు.

శివరాత్రి దాకా

పోయిన ఆదివారం ఊరికి పోయినాను. బేరగాడు మళ్లీ వచ్చి ఉన్నాడు. ఈసారి ఇరవై అన్నాడు. గాటిపాట గోడ మీద పదిమంది కూర్చుని ఉన్నారు, ఎవరూ నోరు మెదపడం లేదు. చిన్నోడు తెల్లెద్దు గంగడోలు నిమురుతూ నిలబడినాడు.

మామ అడిగింది ఒక్కటే. "అన్నా, మీ తోలేవాడు కర్ర వాడతాడా?"

ఆయన నిజాయితీపరుడు. అబద్ధం చెప్పలేదు. "సీనియర్లలో వాడకుండా ఎట్లప్పా?" అన్నాడు.

మామ తలూపినాడు. కోపం లేదు. "శివరాత్రికి మహానందిలో దింపుతా. కర్ర లేకుండా ఎంత లాగుతాయో నేనూ చూడాల, మీరూ చూడండి. మహానంది అయినాంక మాట్లాడదాం" అన్నాడు. బేరగాడు పోతూ పోతూ మైలెద్దు వీపు తట్టి పోయినాడు. మా అత్త కాఫీ గ్లాసులు తీసి లోపలికి పోయింది. ఆ రోజు మామకు అన్నంలో నెయ్యి పడలేదని చిన్నోడు తర్వాత చెప్పినాడు.

కాబట్టి ప్రస్తుతానికి ఎద్దులు మావే. పెద్దెద్దుల్లో మొదటి ఏడు గెలుస్తాయని నాకేం భ్రమ లేదు. లెక్కలు చెప్పేవాణ్ణి గదా. కర్నూలు జత కూడా ఈసారి మాతోపాటే పెద్దెద్దుల్లోకి వస్తోంది. వాళ్లు కొత్త తోలేవాణ్ణి పెట్టుకున్నారని మాట. కోస్తా వాళ్లవి నాలుగైదేళ్ల అనుభవం ఉన్న జతలు. గెలవడం కష్టం.

అయినా ఆశ లెక్క ప్రకారం నడవదు. నిన్న రాత్రి ఫోన్లో క్యాలెండరు తీసి శివరాత్రికి ఎన్ని ఆదివారాలున్నాయో లెక్కపెట్టుకున్నాను. కాలేజీకి సెలవు ముందే రాసిపెట్టుకున్నాను. బామ్మర్ది ఆ రోజు లైవు పెట్టమన్నాడు. అక్కడ అప్పుడు అర్ధరాత్రి అవుతుంది, మేలుకుంటానన్నాడు.

మాకు కావాల్సింది పెద్ద బహుమతి కాదు. ఆ కర్నూలు జతకంటే మూడడుగులు ఎక్కువ. కర్ర లేకుండా.