లైనక్స్‌లో ఇరుక్కుపోయారా? సాయం ఇలా అడగండి

పోయిన ఎపిసోడ్‌లో పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకోవడం చూశాం కదా. వేసుకున్నాక ఏదైనా పనిచేయకపోతే ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి? ఈరోజు అది మాట్లాడుకుందాం.

ముందు నా సంగతి చెప్తా. నేను మొదటిసారి ఉబుంటు వేసిన రోజే వైఫై రాలేదు. విండోస్ అప్పటికే తీసేశా. తెల్లారితే కాలేజీలో ప్రాజెక్ట్ ఇవ్వాలి. కంగారులో ఒక లైనక్స్ గ్రూప్‌లో "వైఫై పనిచేయట్లేదు, అర్జెంట్, హెల్ప్ ప్లీజ్" అని పెట్టా. రెండు గంటలైనా ఒక్కరూ పలకలేదు. కొత్తవాళ్లంటే వీళ్లకి లెక్కలేదని కోపమొచ్చింది.

నిజానికి తప్పు నాదే. డాక్టర్ దగ్గరికెళ్లి "ఒంట్లో బాలేదు" అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏ మందు రాస్తాడు? అక్కడ జవాబిచ్చేవాళ్లు జీతం తీసుకునే కస్టమర్ కేర్ కాదు. ఖాళీ టైమ్‌లో సాయం చేసేవాళ్లు. మన స్క్రీన్ వాళ్లకి కనపడదు.

రెండోసారి ల్యాప్‌టాప్ మోడల్, ఉబుంటు వెర్షన్, సమస్య ఎప్పటినుంచి ఉంది, నేను ఏమేం ప్రయత్నించా, అన్నీ రాశా. టెర్మినల్‌లో "ఎల్ఎస్‌పీసీఐ హైఫన్ కె" కొడితే వచ్చింది కూడా టైప్ చేసి పెట్టా. మెషిన్‌లో ఏ చిప్ ఉంది, దానికి ఏ డ్రైవర్ నడుస్తోంది అనేది ఆ కమాండ్ చెప్తుంది. నా వైఫై చిప్ కింద డ్రైవర్ లైనే లేదు. ఒకాయన చూడగానే పట్టేశారు. "ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి తమ్ముడూ, నెట్ వస్తుంది. తర్వాత అడిషనల్ డ్రైవర్స్ తెరిచి, అక్కడ చూపించేది వేసుకో" అన్నారు. పది నిమిషాల్లో వైఫై వచ్చేసింది.

మీరు అడిగేముందు ఎర్రర్ మెసేజ్‌ని ఉన్నదున్నట్టు సెర్చ్‌లో వేయండి. ఆస్క్ ఉబుంటు లాంటి సైట్ 2010 నుంచి ఉంది. మీ ప్రశ్న ఇంకెవరో ఎప్పుడో అడిగే ఉండొచ్చు. కాకపోతే ఆ జవాబు ఏ వెర్షన్‌కి ఇచ్చారో చూసుకోండి. స్క్రీన్‌కి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టేకంటే ఎర్రర్‌ని అక్షరాల్లో పెట్టడం మేలు. జవాబిచ్చేవాళ్లు దాన్ని కాపీ చేసి వెతకగలుగుతారు.

ఇంకో ముఖ్యమైన మాట. ఎవరో చెప్పారని "సుడో"తో మొదలయ్యే కమాండ్‌ని గుడ్డిగా కొట్టొద్దు. సుడో అంటే మెషిన్ తాళాలన్నీ ఇచ్చేసినట్టే. "ఆర్ఎం హైఫన్ ఆర్ఎఫ్" అయితే ఒక్కమాట అడక్కుండా ఫైళ్లు తీసేస్తుంది. అవి ట్రాష్‌లో కూడా ఉండవు. సరదాకి కొత్తవాళ్లతో అది కొట్టించేవాళ్లూ ఉంటారు. "మ్యాన్" అని కొట్టి, పక్కన కమాండ్ పేరు ఇస్తే అదేం చేస్తుందో వస్తుంది. అర్థం కాకపోతే చెప్పినవాళ్లనే అడగండి.

అడగడానికి మొహమాటం వద్దు. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ స్టూడెంట్, తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అందులో ఏమేం ఉంటే బాగుంటుందని ఒక న్యూస్‌గ్రూప్‌లో నలుగురినీ అడిగాడు. అదే ఈ లైనక్స్. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది కూడా దాని కెర్నలే.

చివరగా, సమస్య తీరాక "ఓకే, వచ్చేసింది" అని వెళ్లిపోకండి. ఏం చేస్తే వచ్చిందో అక్కడే రెండు లైన్లు రాయండి. ఏదో ఒక రాత్రి అదే చిప్‌తో, తెల్లారితే ప్రాజెక్ట్ ఇవ్వాల్సిన ఇంకో కుర్రాడు అక్కడికి వస్తాడు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!