కందకంలో నాస్తికుడు వుండడా?

"చావు ముంచుకొస్తే నాస్తికుడైనా నారాయణా అంటాడు" అని మన పెద్దలు ఏదో ఒక సందర్భంలో అననే అంటారు. హాస్టల్లో రాత్రిళ్లు దేవుడు వున్నాడా లేడా అన్న వాదన మొదలైనప్పుడల్లా, చివరకు ఎవరో ఒకరు ఈ మాటనే బ్రహ్మాస్త్రంలా వదులుతారు. ఇంగ్లీషు వాళ్లకూ ఇటువంటి సామెతే ఒకటి వున్నది. "ఫాక్స్‌హోల్‌లో నాస్తికులుండరు" అంటారు వాళ్లు. ఫాక్స్‌హోల్ అంటే నక్కబొరియ. గుండ్ల దెబ్బ తప్పించుకోవడానికి సైనికుడు తవ్వుకునే, ఒకరిద్దరు మాత్రమే పట్టే చిన్న కందకం. నెత్తిమీద ఫిరంగి గుండ్లు పడుతుంటే ఆ గోతిలో కూర్చున్నవాడు ఎంతటి నాస్తికుడైనా దేవుణ్ణి తలుచుకుంటాడని దాని భావం.

ఈ మాట నిజమేనా? నిజమే అయితే దానివల్ల రుజువయ్యేది ఏమిటి? ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. వాదనల్లో మనం వీటిని కలిపేస్తున్నాం. విడదీసి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఇందుకు పుస్తకాలతోబాటు మా ఇంట్లోనే నాకొక సాక్షి దొరికాడు. ఆయన సంగతి చివర్లో చెబుతాను.

ముందు సామెత పుట్టుక చూద్దాం. రెండవ ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పైన్స్‌లోని బతాన్ ద్వీపకల్పంలో అమెరికన్, ఫిలిప్పినో సైన్యాలు జపాన్ సేనల మధ్య చిక్కుకుపోయాయి. తిండి చాలక, మందులు లేక, మలేరియాతో కృశించి 1942 ఏప్రిల్ 9న లొంగిపోయాయి. ఆ సంవత్సరంలోనే ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. మొదట అన్నది అక్కడి క్రైస్తవ గురువు అని కొందరు, కాదు ఒక సైనికాధికారి అని కొందరు చెబుతారు. ఒకప్పటి సేనాపతి, అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ కూడా 1954లో ఒక ప్రసంగంలో దీన్ని వాడాడు.

ఆ యుద్ధకాలంలోనే అమెరికా సైన్యం సామ్యూల్ స్టాఫర్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడి ఆధ్వర్యంలో లక్షల మంది సైనికులను ప్రశ్నలడిగించింది. ఆ ఫలితాలు 1949లో "ది అమెరికన్ సోల్జర్" అనే గ్రంథంగా వెలువడ్డాయి. పరిస్థితి విషమించినప్పుడు నీకు ఏది తోడ్పడింది అని అడిగితే, ప్రార్థన అని చెప్పినవాళ్లు చాలామంది వున్నారు. పక్కవాణ్ణి నట్టేట ముంచకూడదన్న తలంపు అని చెప్పినవాళ్లూ చాలామందే. మరో సంగతి గమనించాలి. ఎక్కువ భయపడ్డవాళ్లే ప్రార్థన ఎక్కువగా తోడ్పడిందన్నారు. కాబట్టి సామెతలో కొంత నిజం లేకపోలేదు. కాని అది భయాన్ని గురించిన నిజం. ఆ ప్రార్థించినవాళ్లు కందకంలో కొత్తగా మారిన నాస్తికులని దానివల్ల తేలదు.

భయానికీ మొక్కుకూ వున్న ఈ సంబంధాన్ని యుద్ధంతో పనిలేకుండా గమనించినవాడు మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రజ్ఞుడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో నివసించాడు. అక్కడివాళ్లు తీరానికి ఆనుకుని వున్న నిశ్చలమైన నీళ్లలో చేపలు పట్టేటప్పుడు మంత్రాలు చదవరు. అక్కడ అపాయం లేదు, చేప దొరకడమూ ఖాయం. నడిసముద్రంలోకి పోయేటప్పుడు మాత్రం పెద్ద తంతే జరుపుతారు. తన నేర్పు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మనిషి మంత్రాన్ని పట్టుకుంటాడన్నమాట.

ఇది చదివినప్పుడు నాకు మా వూరే కళ్లముందు మెదిలింది. కాలువ కింద పొలం వున్న రైతు తూము ఎత్తి నీళ్లు పెట్టుకుంటాడు, అంతే. బోరు వేయించే రైతుకు అలా కుదరదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచే మనిషిని పిలిపిస్తాడు. కాయ లేచి నిలబడ్డ చోట పసుపు కుంకుమ చల్లి, రిగ్గుకు నిమ్మకాయ కట్టి డ్రిల్లింగు మొదలుపెట్టిస్తాడు. మా నాన్న మూడు బోర్లు అలాగే వేయించాడు. రెండింట్లో దుమ్ము లేచింది. మూడోదాంట్లో రెండించుల నీళ్లు పడ్డాయి. వచ్చిన చుట్టాలందరికీ మా ఇంట్లో చెప్పేది ఆ మూడోదాని కథే. మొదటి రెండూ మిగిల్చిన అప్పుకు మాత్రం నేటికీ వడ్డీ కడుతున్నాం.

ఈ లెక్కల తప్పును రెండువేల ఏళ్ల కిందటే రోమన్ రచయిత సిసిరో ఒక కథలో చెప్పాడు. గ్రీసులో డయాగొరస్ అనే నాస్తికుడు వుండేవాడు. ఒక మిత్రుడు ఆయనకు గుడిలోని పటాలు చూపి, సముద్రంలో తుఫానుకు చిక్కినవాళ్లు దేవుడికి మొక్కుకుని ఎంతమంది బతికి బయటపడ్డారో చూడమన్నాడు. మునిగిపోయినవాళ్ల పటాలు ఎక్కడా వేయలేదు గదా అన్నాడట డయాగొరస్. యుద్ధం విషయమూ ఇంతే. ప్రార్థించి బతికినవాడు ఇంటికి వచ్చి చెబుతాడు. ప్రార్థించి చనిపోయినవాడు ఏమీ చెప్పలేడు.

మన దేశంలో రాజస్థాన్ ఎడారిలో, జైసల్మేర్ జిల్లా సరిహద్దున తనోట్ మాత ఆలయం వుంది. 1965 యుద్ధంలో చుట్టూ ఎన్ని గుండ్లు పడ్డా గుడికి ఏమీ కాలేదని అక్కడివారి విశ్వాసం. పేలని గుండ్లను ఆ గుడిలో నేటికీ చూడవచ్చు. సరిహద్దు భద్రతా దళం వారే ఆలయాన్ని చూసుకుంటున్నారు. నేలకు గట్టిగా తాకితే పేలే గుండు మెత్తని ఇసుకలో దిగబడి పేలకపోవడం భౌతికశాస్త్రానికి వింతేమీ కాదు. ఆ పక్కనే లోంగేవాలా వుంది. 1971 డిసెంబరు 4 రాత్రి అక్కడ మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురీ నాయకత్వంలో సుమారు 120 మంది జవాన్లు పాకిస్తాన్ టాంకుల దళాన్ని తెల్లవార్లూ నిలబెట్టారు. తెల్లవారాక మన హంటర్ విమానాలు వచ్చి ఆ టాంకుల పని పట్టాయి. ఆ జవాన్లలో ఎందరో అమ్మవారికి మొక్కుకుని వుంటారు, దానివల్ల గుండె దిటవు కలిగీ వుంటుంది. అది కాదనను. కాని ఫలితమంతా మహిమ ఖాతాలో వేస్తే ఆ రాత్రి వాళ్లు చూపిన తెగువ ఏ ఖాతాలో రాయాలి?

ఇక చావు ఎదుట నాస్తికులే వుండరన్న మాట. 1930 అక్టోబరులో లాహోరు జైల్లో, ఉరికంబం ఎదురుగా కనిపిస్తుండగా, భగత్‌సింగ్ తాను నాస్తికుడెందుకయ్యాడో వ్యాసం రాశాడు. నమ్మితే తన భారం తేలికవుతుందని తెలిసీ, ఆ తేలిక తనకు వద్దన్నాడు. 1931 మార్చి 23న ఉరితీసేనాటికి ఆయనకు 23 ఏళ్లు. మనకంటే రెండు మూడేళ్లు పెద్ద, అంతే! అమెరికాలో పాట్ టిల్‌మన్ అనే పేరుపొందిన ఫుట్‌బాల్ ఆటగాడు 2002లో ఆట వదిలి సైన్యంలో చేరాడు. దైవవిశ్వాసం లేనివాడు. 2004 ఏప్రిల్ 22న అఫ్ఘనిస్తాన్‌లో సొంత సైన్యం కాల్పుల్లోనే పొరపాటున మరణించాడు. ఇటువంటివాళ్లు కొద్దిమందే కావచ్చు. కాని "వుండరు" అన్నమాట చెల్లకపోవడానికి ఒక్కడు వున్నా చాలు గదా.

ఇప్పుడు మా ఇంటి సాక్షి. మా పెద్దనాన్న గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొంది, 1999లో కార్గిల్ యుద్ధం నాటికి ద్రాస్ దగ్గర ఫిరంగి దళంలో వున్నాడు. ఆయన గుడికి వెళ్లడని వూరంతా ఎరుగుదురు. మొన్న సంక్రాంతికి కళ్లంలో కూర్చున్నప్పుడు, నా వాదనకు బలం దొరుకుతుందన్న ఆశతోనే అడిగాను. "పెద్దనాన్నా, గుండ్లు పడేటప్పుడు దేవుణ్ణి తలుచుకున్నావా?"

కాసేపు ఏమీ అనలేదు. "అమ్మా అని అరిచానురా. మీ నానమ్మ రెండువేల కిలోమీటర్ల అవతల వుంది. ఆమె వింటుందనుకుని అరిచానా? నోట్లోంచి వచ్చింది, అంతే. నా పక్కన పంజాబీవాడు వాహెగురూ అన్నాడు. పొద్దున్నే ప్రార్థన చేయందే టీ గ్లాసు ముట్టేవాడు కాదు వాడు. వాడు రాలేదు, నేనొచ్చాను. చదువుకుంటున్నావు గదా, ఇందులో ఏం లెక్క కడతావో కట్టు."

నా దగ్గర లెక్క లేదు. అయినా వూరుకోలేక మరొకటి అడిగాను. ఆయన సెలవు మీద రాగానే తిరుపతి వెళ్లి తలనీలాలిచ్చిన ఫోటో మా ఇంట్లో గోడమీద వుంది. నమ్మకం లేనప్పుడు ఎందుకిచ్చావన్నాను.

"మొక్కుకున్నది మా అమ్మ. గుండ్లు పడ్డప్పుడే నేను భయపడ్డాను. ఆమె రెండు నెలలూ రాత్రింబవళ్లు భయపడింది. జుట్టుదేముంది, మళ్లీ మొలుస్తుంది."

మిత్రులారా! భయంలో నోటివెంట వచ్చిన మాట దేవుడున్నాడనడానికి రుజువు కాదు. అలా పిలిచినవాణ్ణి చూసి నవ్వడం శాస్త్రీయ దృష్టీ కాదు. మొదటి సంగతి నాకు పుస్తకాల్లో దొరికింది. రెండోది మా పెద్దనాన్న చెబితే గాని తెలియలేదు.

ఈ వేసవిలో మా నాన్న నాలుగో బోరు వేయిద్దామంటున్నాడు. ముందు జియాలజిస్టును పిలిపించి సర్వే చేయిద్దామని గట్టిగా చెప్పాను, ఒప్పుకున్నాడు. మిషను పెట్టే రోజు మా అమ్మ కొబ్బరికాయ కొడతానంటే మాత్రం అడ్డు చెప్పను. అప్పు తీర్చవలసింది వాళ్లు. ఆ భయం వాళ్లది.