సమన్లు తీసుకుందాం, కోర్టులో నిలబడదాం

కోర్టు బంట్రోతు వచ్చాడంటే కూలిపేటలో తలుపులు పడతాయి. కాగితం ముట్టకపోతే కేసే లేదనుకుంటాం. భూస్వామికి కావలసింది అదే!

వద్దంటే బంట్రోతు తలుపుకి అంటించి పోతాడు. 2002 సవరణ తర్వాత, కోర్టు ఆమోదించిన కొరియర్‌తోనూ వాది తన ఖర్చుతో పంపొచ్చు. "తీసుకోలేదు" అని కొరియర్ వాడు రాసినా అందినట్టే లెక్క. మనం లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ, ఆపైన భూమి పోవడం!

సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు. కోర్టు ముద్ర చూద్దాం, అందిన తేదీ వేద్దాం, వాయిదా రాసుకుందాం, సంఘానికి చెబుదాం.

సమన్లు అందకుండానే డిక్రీ అయిందా? తెలిసిన 30 రోజుల్లో రద్దుకు అర్జీ పెట్టాలి. 1987 చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఉచితంగా వకీలునిస్తారు.

దాక్కుంటే వాడిదే గెలుపు. వాయిదాకి అందరం కలిసి పోదాం!