వేసవి సెలవులలో పిల్లల కాలక్షేపము - ఇంటికొక వంతు

ఏప్రిల్ చివరనో, మే మొదటనో బడులు మూయుదురు. మరల జూన్‌లో తెరచువరకు నెల పైచిలుకు దినములు పిల్లలు ఇంటిపట్టుననే యుందురు. ఇతరుల ఇండ్లకు ఇది వేడుక కావచ్చును. నేతవాని ఇంట మాత్రము ఇల్లే కార్ఖానా. మగ్గము, రాట్నము, పొయ్యి, పిల్లల పక్కలు అన్నియు ఒకే కప్పు క్రింద నుండును. మనకు కూలి నేసిన బట్టనుబట్టి వచ్చును గనుక మగ్గము ఆగిన కూలియు ఆగును. ఇద్దరు పిల్లలు పక్కన చేరి తగవులాడుచుండగా ఏ తండ్రి నిదానముగా నేయగలడు? ఏ తల్లి తెగిన పోగులు అతుకగలదు?

కావున మన ఇండ్లలో సాధారణముగా మూడు ఉపాయములు నడచుచున్నవి. చేతిలో పది రూపాయలు పెట్టి వీధిలోనికి పంపుట ఒకటి. కండెలు చుట్టుమని రాట్నము దగ్గర కూర్చుండబెట్టుట రెండవది. సెల్లు ఫోను చేతికిచ్చి మూలకు పంపుట మూడవది. మొదటిదానికి దినదినము ఖర్చు, పైగా ఎండదెబ్బ. రెండవదానివలన సెలవు సెలవే కాకుండ పోవును. మూడవది మొదట చౌకగా కనిపించును గాని, సాయంత్రమైనను పిల్లవాడు తల ఎత్తడు.

వీటికంటె మేలైన మార్గమునకు డబ్బుకంటె ముఖ్యముగా కావలసినది పెద్దల కాలము. ఆ కాలము ఒక్క ఇంటికి భారము, పది ఇండ్లకు తేలిక. ఒక్కడు నూలు కొనిన ప్రియము, పదిమంది కలిసి కొనిన చౌక అనియే గదా మనము సహకార సంఘములు పెట్టుకొన్నది! నూలునకు పనికివచ్చిన సూత్రము పిల్లలకును పనికివచ్చును.

లెక్క చూడుడు. ఒక వీధిలో పిల్లలుగల పది ఇండ్లవారు కలిసి, మధ్యాహ్నము 2 గంటలు మొదలు 5 గంటలవరకు పిల్లలందరిని ఒకచోట కూర్చి, దినమునకు ఒక ఇంటి పెద్ద చొప్పున వంతు వేసికొందురనుకొందము. 40 దినముల సెలవులలో ఒక్కొక్క ఇంటికి వచ్చునవి 4 వంతులు, అనగా 12 గంటలు. తక్కిన 36 మధ్యాహ్నములు ఆ ఇంటి మగ్గము నిశ్చింతగా ఆడును. మార్కండేయుని గుడి మండపమో, చౌడేశ్వరీ అమ్మవారి గుడి అరుగో, సంఘపు గదియో, నీడయు మంచినీళ్ళును గల చోటు ఏదైనను చాలును. మగ్గములును రంగు తొట్లును లేని చోటు కావలెను. ఇట్టి వంతులకు అమ్మమ్మలును తాతలును అందరికంటె తగినవారు. వంతు తప్పినవారు మరునాడు ఇచ్చుకొనవలెను. జరిమానాలు పెట్టిన ఏర్పాటు చెడును.

ఇక ఆటలు. ఎండ వేళకు కూర్చుండి ఆడునవే మేలు. వామనగుంటల పీట లేనిచో నేలపై సుద్దతో రెండు వరుసలుగా ఏడేసి గళ్ళు గీసిన చాలును. గడికి 5 వంతున 70 చింతగింజలు. ఒక గడిలోని గింజలన్ని తీసి వరుసగా ఒక్కొక్కటి వేయుచు పోవలెను. చేతిలోనివి అయిపోయిన తరువాతి గడిలోనివి తీసి సాగవలెను. ఆ గడి ఖాళీగా నున్నచో దాని ప్రక్క గడిలోని గింజలు ఆడువానివి. చిన్నపిల్లలకు ఇంతకంటె మంచి లెక్కల బడి లేదు. అష్టాచెమ్మాకు 25 గళ్ళు, 4 గవ్వలు. గవ్వలు దొరకనిచోట చింతగింజలను బండపై ఒక వైపు అరగదీసి తెల్లగా చేసికొనవచ్చును. పులిజూదమునకు 3 పులులు, 15 మేకలు; గులకరాళ్ళతో ఆడవచ్చును. పది పండ్రెండేండ్ల పిల్లలు ఈ ఆటతో గంటలకొలది కదలరు.

ఈ ఆటలలో మరియొక మేలు గలదు. మన వామనగుంటలే తమిళుల పల్లాంగుళి, కన్నడిగుల అళిగుళిమణె. మన అష్టాచెమ్మా కర్ణాటకలో చౌకాబారా. సాయంత్రము ఆడు బిళ్ళంగోడును ఇక్కడ షోలాపూరులో మరాఠీ పిల్లలు విటీదాండూ అందురు. పొరుగింటి పిల్లలు వచ్చిన వారినిగూడ కూర్చుండబెట్టుకొనుడు. ఆట తెలిసినవానికి భాష అడ్డము రాదు.

మన వృత్తిలో వ్యర్థమనుకొన్నది పిల్లలకు ధనము. జానెడు అట్టముక్క తీసికొని పై అంచునను క్రింది అంచునను 16 గాట్లు చొప్పున పెట్టి తెగిన నూలుతో పడుగు చుట్టుడు. మొద్దు సూదికి రంగు నూలెక్కించి ఒక పోగు పైనుండి, ఒక పోగు క్రిందనుండి నడిపిన సాదా నేత పడును. రెండు పైన, రెండు క్రింద నడిపి, వరుసవరుసకు ఒక పోగు జరిపిన ఏటవాలు గీతల ట్విల్లు వచ్చును. పేక కొట్టుటకు పాత దువ్వెనయే పన్నె. ఇది పని కాదు, ఆట. తప్పినను అడుగువారు లేరు, విసిగిన విడిచిపెట్టవచ్చును. అట్లే చుక్కల ముగ్గులు వేయు పిల్లలకు గళ్ళ కాగితము ఇచ్చి రంగులు నింపుమనుడు. డాబీకిని జకార్డునకును డిజైను గీయు పద్ధతియు అదియే.

మూడు గంటలలో అరగంట తెలుగునకు కేటాయింపుడని మా ముఖ్యమైన మనవి. యానాములో తెలుగు బడిలోనే దొరకును. షోలాపూరు, భివండీ, బరంపురము, కంచి, సేలము మొదలగు చోట్ల మన పిల్లలలో అనేకులు మరాఠీలోనో, ఒడియాలోనో, తమిళములోనో, ఇంగ్లీషులోనో చదువుదురు. ఇంట తెలుగు మాటలాడుదురు గాని తాతగారి ఉత్తరము చదువలేరు. అక్షరములు 56. దినమునకు రెండు చొప్పున 28 దినములలో పూర్తియగును. మిగిలిన 12 దినములు గుణింతములకును వత్తులకును. నేలయే పలక, సుద్దముక్కయే బలపము. చదువురాని పెద్దలు వంతునకు వచ్చిన దినమున పొడుపుకథలు, వేమన పద్యములు, తమ ఊరు విడిచివచ్చిన కథలు చెప్పవచ్చును. అక్షరము రానిచో ఈ పత్రికను మన తరువాత చదువువారెవరు?

కొన్ని జాగ్రత్తలు. గింజలు, గవ్వలు మింగు వయస్సు పసివారికి అందనీయరాదు. పరుగు ఆటలు ఉదయము 9 లోపున, సాయంత్రము 5 తరువాతనే. పెద్దలు తోడులేక బావికిగాని చెరువునకుగాని పోనీయరాదు. రంగులు, కాస్టిక్ సోడా ఉన్న గదికి తాళము వేయవలెను. కండెల విషయమై ఒక్క మాట. 1986 నాటి బాలకార్మిక చట్టపు పట్టికలోనే బట్టల అద్దకము, రంగులు వేయుట, నేత చేరియుండెను. 2016 సవరణ 14 ఏండ్లలోపు వారిని ఏ పనిలోను నియమింపరాదన్నది. బడి వేళలు కానప్పుడును సెలవులలోను ఇంటివారికి సాయపడవచ్చునను మినహాయింపు ప్రమాదకరమైన పనులకు వర్తింపదు. చట్టము మాట అటుంచినను, సంవత్సరమంతయు చదివిన పిల్లవానికి నెల దినముల ఆట ఋణపడియున్నాము.

సభ్యులు వచ్చే సెలవులకు ముందుగనే తమ వీధిలో పది ఇండ్లను కూర్చుకొని, వంతుల పట్టిక వ్రాసి, సంఘ కార్యాలయములో నూలు పంపిణీ పలక ప్రక్కన అంటింపవలసినదిగా కోరుచున్నాము. కావలసిన సామగ్రి సుద్దముక్కలు ఒక పెట్టె, చింతగింజలు ఒక డబ్బా, తెగిన నూలు ఒక సంచి. వీటిలో కొనవలసినది సుద్దముక్కలు మాత్రమే.