యంత్రనాదానికి ఒక శ్రోత వేసిన వరుస

సంగీతానికి మార్కులు వేయవచ్చునా అన్న ప్రశ్న పాతది. త్యాగరాజస్వామికి ఎన్ని, శ్యామశాస్త్రికి ఎన్ని అని లెక్క కట్టబోయినవాడు రసికుల మధ్య నవ్వులపాలు కాక తప్పదు. అయినప్పటికిని ప్రతి శ్రోత మనస్సులోను ఒక వరుస ఉండనే ఉంటుంది. మళ్ళీ మళ్ళీ వినాలనిపించేది ఒకటి, ఒకసారికి చాలుననిపించేది మరొకటి. పైకి చెప్పని ఈ వరుసను కారణాలతో సహా చెప్పవలసి వచ్చినప్పుడే మనిషికి తన చెవి ఎట్టిదో తెలిసివస్తుంది. అందుచేత యంత్రాల నుండి పుట్టిన ఎలక్ట్రానిక్ సంగీతంలోను, దాని తోబుట్టువైన పరిసర సంగీతంలోను ఈ శ్రోతకు ప్రీతిపాత్రమైన ఆరు ఆల్బములకు ఇక్కడ ఒక వరుస కడుతున్నాను.

పరిసర సంగీతమనగా ఏమని విద్యార్థులు అడుగవచ్చును. పాటవలె ముందుకు నడవక, కథ చెప్పక, గదిలోని వెలుతురువలె చుట్టూ వ్యాపించి నిలిచే సంగీతం అది. పల్లవి ఉండదు, చరణం ఉండదు, చాలచోట్ల మాటే ఉండదు. కామారెడ్డి జిల్లా పడమటి భాగాన, మహారాష్ట్ర కర్ణాటకల పొరుగున ఉన్న మా బిచ్కుందలో కూర్చుని విన్న వరుస ఇది. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ ఒకే బజారులో చెవినబడే సీమ ఇది. అర్థం తెలియని మాటలోనూ స్వరాన్ని పట్టుకొనుట ఈ సరిహద్దు చెవులకు అలవాటే. కనుక మాటలేని సంగీతం మాకు బొత్తిగా పరాయిది కాదు.

నిజానికి దాని మూలం కూడ మనకు కొత్తది కాదు. తంబుర పాడదు; పాట నిలుచుటకు చోటు కల్పిస్తుంది. ఏకతారతో తత్త్వాలు పాడేవారు పాట ఆపిన తరువాత కూడ తీగను కొంతసేపు మీటుతూనే ఉంటారు. ఆ కొద్ది క్షణాలు పరిసర సంగీతమే. అంతదూరం పోనక్కరలేదు. పొలంగట్టున ఉన్న ట్రాన్స్‌ఫార్మరు వద్ద నిలబడి వినండి. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది. దాని వల్ల ట్రాన్స్‌ఫార్మరులోని ఇనుము సెకనుకు 100 సార్లు కంపిస్తుంది. ఒకటవ శ్రుతిలో పాడే పురుష గాయకుని మంద్రపంచమం దాదాపు 98 ఆవృత్తులు. అనగా తంబుర మొదటి తీగ పలికే స్వరానికి అతి సమీపమైన నాదాన్ని మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు రాత్రింబగళ్ళు పలుకుతూనే ఉన్నది. అది సంగీతమని నేననను. అందులో స్వరమున్నదని గుర్తించిన చెవి మాత్రం సంగీతానికి సిద్ధమైన చెవి అంటాను.

యంత్రంలో గమకం ఉండదు, కనుక రసం ఉండదు అనే ఆక్షేపణ ఒకటి కలదు. ఇది తోసివేయదగినది కాదు. ఈ కారణం చెప్పియే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని తన ప్రసారాల నుండి బహిష్కరించినది. ఆ నిషేధం మూడు దశాబ్దాల పాటు సాగినది. కాని అదే హార్మోనియం లేనిదే మా ప్రాంతపు భజన నడవదు. పాశ్చాత్యుల వయొలిన్‌ను బాలుస్వామి దీక్షితులు చేతబట్టిన తరువాత అది కర్ణాటక సంగీతానికి పుట్టుబిడ్డ అయినది. వాద్యం ఎక్కడిదనుట కంటె, దాని నుండి ఏమి రాబట్టినారనుట ముఖ్యం.

ఇక కొలబద్ద. ఈ వరుసకు నేను ఒకే ప్రశ్న పెట్టుకొన్నాను: రికార్డు ముగిసిన తరువాత చెవి ఏ స్థితిలో ఉన్నది? మునుపు వినబడనిది ఏదైనా ఇప్పుడు వినబడుచున్నదా? ప్రసిద్ధికి గాని, దేశానికి గాని ఇందులో మార్కులు లేవు. ప్రతి ఆల్బమును సాయంకాలం వేళ, కిటికీ తెరిచి ఉంచి, మూడు పర్యాయములకు తక్కువ కాకుండా విన్నాను. క్రిందినుండి పైకి చెబుతాను.

ఆరవ స్థానం "స్విచ్డ్ ఆన్ బాక్" అనే ఆల్బముది. అమెరికాకు చెందిన వెండీ కార్లోస్ 1968లో దీనిని వెలువరించినారు. పద్దెనిమిదవ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాక్ కృతులను రాబర్ట్ మోగ్ నిర్మించిన సింథసైజరుపై వాయించి కూర్చినది ఇది. ఆనాటి ఆ యంత్రం ఒక్కసారికి ఒక్క స్వరాన్నే పలికేది. ఒక్కొక్క స్వరధారను విడిగా టేపుపై ఎక్కించి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చవలసి వచ్చినది. 1970లో దీనికి మూడు గ్రామీ పురస్కారాలు లభించినవి. ఇంతటి ఓర్పుకు నమస్కరించవలసినదే. ఐనను సంగీతం బాక్‌ది. యంత్రం పాత పాటను కొత్త గొంతుతో అప్పగించినది. రికార్డు ముగిసిన తరువాత నా ధ్యాస యంత్రం మీదనే నిలిచినది, పరిసరం మీదికి పోలేదు.

అయిదవది మన దేశపుది. బొంబాయి సినిమా వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ 1982లో రికార్డు చేసిన "టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్". రోలాండ్ సంస్థ తయారుచేసిన మూడు యంత్రాలు, పది హిందుస్తానీ రాగాలు, ఆగని ఒకే లయ - ఇంతే సామగ్రి. భూపాలిలో మన మోహనాన్ని, మాల్‌కౌంస్‌లో మన హిందోళాన్ని, భైరవ్‌లో మన మాయామాళవగౌళను విద్యార్థులు సులభంగా పోల్చుకొనగలరు. ఆ యంత్రాలలో ఒకదానికి ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారే సదుపాయం ఉన్నది. గమకం కాకపోయినా గమకానికి దూరపు చుట్టమని దానిని చెప్పవచ్చును. ఆనాడు ఈ రికార్డును కొన్నవారు లేరన్నంత తక్కువ. అవే యంత్రాలలో ఒకదానితో షికాగో యువకులు 1987లో ఒక కొత్త నాట్యసంగీతాన్ని వెలువరించినారు. దానిని పోలిన సంగీతం అంతకు అయిదేండ్ల ముందే బొంబాయిలో పుట్టినదని 2010లో ఈ రికార్డు మరల అచ్చయినప్పుడు గాని లోకం గుర్తించలేదు. చరణ్‌జీత్ సింగ్ 2015లో మరణించినారు. ఇంత ఘనత ఉన్నప్పటికిని అయిదవ స్థానమే ఎందుకు? ఆ లయ ఒక్క క్షణమైనా ఊపిరి తీయనివ్వదు. రాగం విశ్రమించవలసిన చోట కూడ తాళం తరుముతూనే ఉంటుంది.

నాలుగవది జర్మనీకి చెందిన టాంజరీన్ డ్రీమ్ బృందం 1974లో వెలువరించిన "ఫేడ్రా". ఎడ్గార్ ఫ్రోజె, క్రిస్టఫర్ ఫ్రాంకె, పీటర్ బౌమన్ అనే ముగ్గురు దీని కర్తలు. పేరుపాట ఒక్కటే పదిహేడు నిమిషాలు సాగుతుంది. స్వరాల వరుసను తానే మరల మరల పలికించే సీక్వెన్సరు అనే పరికరం దీనికి వెన్నెముక. ఆనాటి సింథసైజరు వేడెక్కిన కొద్దీ శ్రుతి జారేది. ఆ జారుడు ఈ రికార్డులో కూడ వినబడుతుంది. వానకాలంలో తంబుర తీగ సడలుట, ఎండకు మృదంగం మూత బిగియుట ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు. యంత్రానికి కూడ వాతావరణం తగులుతుందని, అది కూడ ఒక వస్తువే గాని మంత్రం కాదని ఈ రికార్డు నేర్పినది.

మూడవ స్థానం వద్ద నేను చాలసేపు ఆగవలసి వచ్చినది. అది "ఎన్.ఐ.డి. టేపులు". 1961లో అహమ్మదాబాదులో స్థాపించబడిన జాతీయ డిజైన్ సంస్థలో 1969లో ఒక ఎలక్ట్రానిక్ సంగీతశాల ఏర్పడినది. అమెరికా సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ మోగ్ సింథసైజరుతో దానిని నెలకొల్పినారు. పఖావజ్ విదుషి గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా అందులో పనిచేసినారు. స్వతంత్ర భారతం డ్యాములను, ఉక్కు కర్మాగారాలను నిర్మించుకొంటున్న ఆ కాలంలోనే, కొత్త నాదాలను కూడ నిర్మించుకొనవలెనని కొందరు తలచినారు! కొద్ది సంవత్సరాలకే ఆ పని ఆగిపోయినది. టేపులు సంస్థ గ్రంథభాండారంలో ఉండిపోయినవి. 2017లో పాల్ పర్గస్ అనే కళాకారుడు వాటిని గుర్తించగా, 1969 నుండి 1972 వరకు రికార్డు అయిన వాటిలో కొన్ని 2023లో ఆల్బముగా వెలువడినవి.

దీనికి ప్రథమ స్థానం ఇయ్యవలెనని స్వదేశాభిమానం నన్ను బలంగా తొందరపెట్టినది. కాని చెవి ఒప్పుకొనలేదు. ఇందులోని చాల భాగం సాధన, కచేరీ కాదు. ఒక స్వరాన్ని పుట్టించి, దానిని వంచి, విరిచి, ఏమగునో చూచిన విద్యార్థుల ప్రయోగాలివి. కొన్ని మధ్యలోనే తెగిపోయినట్లుంటవి. మన వాడని పది మార్కులు కలిపిన ఉపాధ్యాయుడు ఆ పిల్లవానికి మేలు చేసినవాడు కాడు. అభిమానంతో వరుసలో పైకెక్కించుట వీరికి గౌరవం కాదు. శ్రద్ధగా విని ఉన్నమాట చెప్పుటయే గౌరవం. ఈ టేపులు దాదాపు నలుబది అయిదేండ్లు మూగవోయినందున జరిగిన నష్టం అసలైన నష్టం. విన్నవారు లేకపోతే తరువాతి తరం ఆ మెట్టుపై కాలు మోపి పైకి పోలేదు. ప్రతివారు మొదటి మెట్టు నుండే మొదలు పెట్టవలసి వస్తుంది.

రెండవది జపానుది: హిరోషి యోషిమురా 1982లో వెలువరించిన "మ్యూజిక్ ఫర్ నైన్ పోస్ట్ కార్డ్స్". తన ఇంట్లోనే, కొద్దిపాటి కీబోర్డు వాద్యాలతో, కిటికీలోనుండి కనిపించే మేఘాలను, చెట్టు నీడను తలచుకొని కూర్చిన తొమ్మిది చిన్న రచనలివి. టోక్యోలోని హారా కళాప్రదర్శనశాలలో వినిపించగా, ఇది ఎక్కడ దొరకునని సందర్శకులు అడుగసాగినారు. మన తపాలా కార్డుపై ఎంత చోటున్నదో అంతలోనే చెప్పదలచినది చెప్పి ఊరకుండే పద్ధతి ఇందులో కనబడుతుంది. రెండు స్వరాల నడుమ వదలిన ఖాళీలో మా వేపచెట్టు మీది పిట్టల కూత వచ్చి కూర్చున్నది. ఆ కూత రికార్డులోనిదా, బయటిదా అని ఒక నిమిషం తెలియలేదు.

మొదటి స్థానం బ్రయన్ ఈనో 1978లో వెలువరించిన "మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్"కు ఇస్తున్నాను. ఇంగ్లండుకు చెందిన ఈ స్వరకర్త 1975లో ప్రమాదానికి గురియై పడకలో ఉన్నప్పుడు, ఒక స్నేహితురాలు హార్ప్ వాద్యపు రికార్డు తెచ్చియిచ్చినది. ఆమె వెళ్ళిన తరువాత దానిని పెట్టుకొన్నాడు. శబ్దం మరీ తక్కువగా ఉన్నది. లేచి పెంచుకొనే శక్తి లేదు. బయట వాన. వానచప్పుడులో కలిసి అక్కడక్కడ తేలివచ్చే స్వరాలను అట్లే వింటూ పడుకొన్నాడు. గాయపడిన ఆ మనిషికి అట్లు దొరికిన వినికిడి నుండియే ఈ సంగీతం ఎదిగినది.

ఇందులోని రెండవ రచనలో ముగ్గురు స్త్రీలు, ఈనో తాను పలికిన దీర్ఘస్వరాలున్నవి. ఒక్కొక్క స్వరం ఒక్కొక్క టేపు చుట్టు మీద తిరుగుతుంది. ఒకటి ఇరువదిమూడున్నర సెకన్లకు, ఒకటి సుమారు 26 సెకన్లకు, మరొకటి సుమారు 30 సెకన్లకు మరల వస్తుంది. లెక్కల ఉపాధ్యాయులు కనిష్ఠ సామాన్య గుణిజం పాఠానికి దీనిని ఉదాహరణగా తీసుకొనవచ్చును. పై అంకెలనే తీసుకొంటే, ఒక్కసారిగా బయలుదేరిన మొదటి రెండు చుట్లు తిరిగి కలియుటకు 20 నిమిషాల 22 సెకన్లు పడుతుంది. మూడును కలియుటకు 5 గంటల 5 నిమిషాల 30 సెకన్లు. ఆ రచన తొమ్మిది నిమిషాలకే ముగుస్తుంది. కనుక అందులో ఏ క్షణమూ మరొక క్షణం వలె ఉండదు. ఉన్న స్వరాలు కొద్దియే, మారనివే. మారేది వాటి కలయిక. మన తాళశాస్త్రంలో రెండు వేరువేరు ఆవర్తాలు నడిచి ఒక సమం వద్ద కలియుట ఎరిగినవారికి ఇందులోని అందం మరింత బోధపడుతుంది. ఇక్కడ సమం రానే రాదు. చెవి దానికోసం ఎదురుచూచుట మాని, ఉన్నదానిని వినుట నేర్చుకొంటుంది.

మూడవసారి అది ముగిసిన సాయంకాలం, ఎక్కడో ఒక బోరు మోటారు ఆగినది. అంతవరకు అది నడుస్తున్నదని నాకు తెలియదు. ఆగిన తరువాత మిగిలిన నిశ్శబ్దంలో దూరాన ఒక బండి పోవుట, పక్కయింటిలో గిన్నె దించుట, వేరువేరుగా వినబడినవి. నేను పెట్టుకొన్న ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన జవాబు మరే రికార్డు ఇయ్యలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పిల్లలకు చదువుట, వ్రాయుట, లెక్కించుట నేర్పుచున్నాము; వినుట వారికి తానే వస్తుందని వదలివేయుచున్నాము. వారానికి పది నిమిషాలు తరగతిలో మౌనంగా కూర్చుండబెట్టి, వినబడిన ధ్వనులను కాగితంపై వ్రాయించండి. తరువాత పై ఆరింటిలో ఏదైనా ఒకదానిని వినిపించి, మరల వ్రాయించండి. రెండవ జాబితా పొడవైనదైతే ఆ రికార్డు తన పని చేసినట్లే. దీనికి ఖర్చు లేదు, మార్కులు అక్కరలేదు.

ఇది వినోదం కొరకు మాత్రమే చెప్పుట లేదు. మోటబావి గిలక ఎట్లు కిర్రుమనేదో నేటి పిల్లలు ఎరుగరు. అహమ్మదాబాదు టేపులు భాండారంలోనైనా నిలిచినవి. మోట ధ్వనిని ఏ టేపుపై ఎక్కించుకొన్నవారిని నేనెరుగను. నేడు మంజీర ఒడ్డున, సంతలో, బడిగంట వద్ద వినబడే ధ్వనులలో ఎన్ని ఇరువదేండ్లకు మిగులునో చెప్పలేము. రికార్డు చేసే యంత్రం ఇప్పుడు ఇంటింటి ఫోనులోనే ఉన్నది. ఒక్కొక్క బడి తన ఊరి ధ్వనులను తేదీతో, స్థలంతో సహా దాచిపెట్టగలదు. వాటినుండి సంగీతం చేయగలవాడు ఆ తరగతిలోనే కూర్చుని ఉండవచ్చును. నా వరుసను తలక్రిందులు చేసి వేరొక వరుస కట్టగల విద్యార్థి ఎవరైనా ఉంటే, ఆ వరుసను కారణాలతో సహా వినుటకు నేను సిద్ధం.